బంతికి ఊపు ఉంది, తోసేవాళ్లు లేరు: ఒక పదకొండో క్లాసు అమ్మాయితో పది వారాలు

పైకి విసిరిన బంతి చేతిని వదిలేసింది, ఇంకా పైకి వెళ్తోంది. సరిగ్గా ఈ క్షణంలో దాని మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయో బాణం గుర్తులతో చూపించు. గాలిని లెక్కలోకి తీసుకోవద్దు.

నా దగ్గర ట్యూషన్‌కి కొత్తగా చేరిన ఎవరికైనా మొదటి రోజు ఇచ్చే ప్రశ్న ఇదే. జూన్‌లో చేరిన ఈ అమ్మాయి పది సెకన్లు కూడా ఆలోచించలేదు. బంతి నుంచి కిందికి ఒక చిన్న బాణం గీసి ‘ఎంజీ’ (అంటే బంతి బరువు) అని రాసింది. పైకి దానికి రెట్టింపు పొడవున ఇంకో బాణం గీసి ‘ఎఫ్’ అని రాసింది.

“ఈ ఎఫ్ ఏంటమ్మా?”

“ఫోర్స్ ఆంటీ.”

“ఎవరి ఫోర్స్?”

“బాల్‌దే.”

‘బాల్‌దే’ అన్న ఆ ఒక్క మాట దగ్గర మొదలై మా పని పది వారాలు నడిచింది. అందులో మొదటి మూడు వారాలు నేను తప్పుదారిలో నడిపించాను. ఆ సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే తోటి టీచర్లు ఎక్కువమంది ఆ దారిలోనే ఉన్నారని నా నమ్మకం. అమ్మాయి, వాళ్ల అమ్మగారు ఇద్దరూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు రాయడం లేదు.

ఎవరీ పిల్లలు

మేం బెంగళూరులో హూడీ దగ్గర ఉంటాం. ఇక్కడికి రాకముందు ఆంధ్రలో ఒక జూనియర్ కాలేజీలో పదకొండేళ్లు ఎంపీసీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. ఇప్పుడు ఇంట్లోనే పదకొండు మందికి చెబుతున్నాను. అందరివీ తెలుగు కుటుంబాలే. అనంతపురం, కడప, నెల్లూరు వైపు నుంచి ఉద్యోగాలకొచ్చి స్థిరపడినవాళ్లు. పిల్లలు మాత్రం ఇక్కడే పుట్టారు. ఇంట్లో తెలుగు, లిఫ్టులో కన్నడ, స్కూల్లో ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతారు కానీ చదవడం ఇద్దరు ముగ్గురికి తప్ప రాదు. అందుకని నా పాఠం తెలుగులో, రాత ఇంగ్లీషులో సాగుతుంది.

ఈ అమ్మాయి చదువులో వెనకబడిన పిల్ల కాదు. పదో క్లాసు సైన్సులో తొంభైకి పైగా మార్కులు. ఏటవాలు బల్ల మీద దిమ్మె జారే లెక్క, కప్పీ మీదుగా తాడుకి రెండు బరువులు వేలాడే లెక్క ఇస్తే సమీకరణాలు రాసి టకటకా చేసేస్తుంది. వాళ్ల అమ్మగారు చేర్పించేటప్పుడు చెప్పిన మాట ఇది: “లెక్కలన్నీ చేస్తుందండి. మాటల్లో అడిగే ప్రశ్నలొస్తే టెన్షన్ పడిపోతుంది, అవే పోతున్నాయి.” ఆవిడ చాలా సరిగ్గా గమనించారు. సమీకరణం ఒకచోట, ప్రపంచం ఇంకోచోట ఉండిపోయాయి ఆ పిల్లకి.

ఈ బాణం మా హూడీ పిల్లల సొంతం కాదు. 1982లో అమెరికాలో జాన్ క్లెమెంట్ ఇంజనీరింగ్ విద్యార్థులకి ఇలాగే పైకెగరేసిన నాణెం ప్రశ్న ఇచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది పైకి బాణం గీశారు. మెకానిక్స్ కోర్సు పూర్తిచేసినవాళ్లలో కూడా ఎక్కువమంది అదే గీశారు. 1992లో డేవిడ్ హెస్టెనెస్, మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాక్‌హేమర్ ముగ్గురూ కలిసి ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే పరీక్ష తయారుచేశారు. 1995లో సవరించిన రూపంలో అందులో 30 ప్రశ్నలుంటాయి. ఒక్కదానికీ లెక్క కట్టాల్సిన పనిలేదు. తప్పు ఆప్షన్లు ఊరికే కల్పించినవి కావు, పిల్లల మనసులో సహజంగా ఉండే ఆలోచనలే. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ తన క్లాసుకి దీనికంటే ముందొచ్చిన ఇలాంటి పరీక్షే పెడితే ఒక విద్యార్థిని లేచి, మీరు చెప్పిన ప్రకారం రాయాలా, నేను మామూలుగా అనుకునే ప్రకారం రాయాలా అని అడిగిందట. ఆ ప్రశ్న చదివినప్పుడల్లా నాకు మా డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చున్న మొహాలు గుర్తొస్తాయి.

మూడు వారాల తప్పు

మొదటి రోజే నేను బాణాన్ని కొట్టేశాను. “చెయ్యి వదిలేశాక చేతి బలం ఉండదమ్మా. గురుత్వం ఒక్కటే ఉంటుంది, కిందికి.” అమ్మాయి తలూపింది. న్యూటన్ మొదటి నియమం మళ్లీ చెప్పాను, జడత్వం వివరించాను: బయటి నుంచి బలం పడనంతవరకు ఆగినది ఆగే ఉంటుంది, కదిలేది అదే వేగంతో తిన్నగా పోతుంది. నోట్సులో నీట్‌గా రాసుకుంది. వారం తర్వాత అదే ప్రశ్న ఇస్తే కిందికి ఒక్క బాణమే గీసింది. నాకు సంతోషమేసింది.

మూడో వారం క్యారమ్స్ ప్రశ్న ఇచ్చాను. స్ట్రైకర్ వేలిని వదిలేసి బోర్డు మీద జారుతూ వెళ్తోంది, బలాలు చూపించు. బరువు గీసింది, బోర్డు పైకి తోసేది గీసింది, వెనక్కి ఘర్షణ గీసింది. ఆ తర్వాత ముందుకి, అన్నిటికంటే పొడవుగా, ఎఫ్.

“బంతికి ఎఫ్ లేదని అన్నావు కదా?”

“అది బాల్ క్వశ్చన్ కదా ఆంటీ!”

అప్పటికి అర్థమైంది. నేను చెప్పింది ఆ పిల్ల బంతి ప్రశ్నకి జవాబుగా పెట్టుకుంది తప్ప లోకానికి వర్తించే విషయంగా తీసుకోలేదు. తలూపడం చూసి నమ్మేశాను. నిజానికి ఆ మూడు వారాల్లో ఆ ఎఫ్ అంటే తన మనసులో ఏముందో నేను ఒక్కసారి కూడా నిదానంగా అడగలేదు. దాన్ని కొట్టేయాల్సిన గీతగానే చూశాను.

కుళాయిలో ఫోర్స్ లేదు

తర్వాతి శనివారం పుస్తకాలు తియ్యనివ్వలేదు. స్ట్రైకర్ చేతిలో పెట్టి, అది ఎందుకు ముందుకెళ్తోందో ఇంట్లో మాట్లాడినట్టు తెలుగులో చెప్పమన్నాను. మొదట సిగ్గుపడింది. తర్వాత అందుకుంది.

“వేలితో కొట్టాం కదా ఆంటీ, ఆ ఫోర్స్ స్ట్రైకర్‌కి వచ్చేస్తుంది. అది ఉన్నంతసేపు పోతుంది. పోతాపోతా తగ్గిపోతుంది. అయిపోయాక ఆగిపోతుంది.”

అదే సమయానికి వంటింట్లోంచి మా అత్తగారు కేకేశారు: “ఇవాళ కుళాయిలో ఫోర్సే లేదు, మోటరెయ్యమని చెప్పు!” బెంగళూరులో ఎండాకాలం దాటినా ఈ మాట వినపడని ఇల్లుండదు. నేను వందసార్లు విన్నదే. ఆరోజు మాత్రం చేతిలో పెన్ను ఆగిపోయింది.

మా అత్తగారు ఎనిమిదో తరగతి వరకే చదివారు, అదీ తెలుగులో. ఆవిడ నోట్లో ‘ఫోర్స్’ ఇంగ్లీషు మాట కాదు, తెలుగు మాటే అయిపోయింది. నీళ్లు ఫోర్సుగా వస్తున్నాయి. లారీ ఫోర్సుగా వచ్చి గుద్దింది. బాల్ ఫోర్సుగా తగిలింది. ఈ వాక్యాలన్నిట్లో ఫోర్స్ అంటే కదులుతున్న వస్తువు తనతో మోసుకొచ్చేది. ఆ అమ్మాయి స్కూల్లో ‘ఫోర్స్’ అన్న మాట మొదటిసారి వినేనాటికే దానికి ఇంట్లో పదేళ్లపాటు అర్థం స్థిరపడిపోయింది. నేను పాఠంలో ఫోర్స్ అన్నప్పుడల్లా తనకి కుళాయి ఫోర్స్ వినిపించింది. ఇద్దరం ఒకే మాట అంటూ వేరువేరు సంగతులు మాట్లాడుకున్నాం.

‘బలం’ అన్నా గొడవ తీరదు. బలంగా విసిరాడు, బలమైన మనిషి. ఆ బలమూ మనిషిలో ఉండేదే, ఒకరి మీద ఒకరు చూపించేది కాదు.

అయితే మనకి ఇంకో మాట ఉంది. “ఆ ఫోర్స్‌ని ఊపు అనొచ్చా?” అని అడిగాను. అమ్మాయి మొహం విప్పారింది. “ఆఁ, అదే ఆంటీ! బండి ఊపు మీదుంది అంటాం కదా.”

అదే. స్కూటర్ ఇంజన్ ఆపేసినా ఊపు మీద గేటు దాకా వస్తుంది. ఊయల ఊపు మీదుంటే దిగొద్దంటాం. పిల్ల చెబుతున్న ఊపు అబద్ధం కాదు. కదిలే వస్తువుకి ఊపు నిజంగానే ఉంటుంది. బరువైనదానికి ఎక్కువ, వేగంగా పోయేదానికి ఎక్కువ, దానికో దిక్కు కూడా ఉంటుంది. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం అదే. (పిల్లలు ఊపు అన్నప్పుడు ఒక్కోసారి గతిజ శక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి, కూడా అందులో కలిసిపోయి ఉంటుంది. ఆ ముడి తర్వాత విప్పాలి, మొదటే విప్పబోతే అన్నీ చిక్కుపడతాయి.) అంటే ఆ అమ్మాయి పైకి గీసిన బాణం తప్పు కాదు. దానికి పెట్టిన పేరు, గీసిన చోటు తప్పు. మూడు వారాలు నేను నిజమైన దాన్ని పట్టుకుని లేదు లేదు అంటూ వచ్చాను. కళ్లెదుట ఉన్నదాన్ని లేదంటే ఏ పిల్ల మాత్రం ఎందుకు నమ్ముతుంది?

ఈ ఊపు ఎంత పాతదో

ఆ సాయంత్రం పిల్లలందరికీ ఒక కథ చెప్పాను, ఎందుకంటే తప్పు చేశామని ముడుచుకుపోయిన పిల్ల తర్వాత నోరు విప్పదు. బాణం వింటిని వదిలాక ఎందుకు పోతుందన్నది రెండువేల ఏళ్లకి పైగా పెద్దపెద్దవాళ్లని తిప్పలుపెట్టిన ప్రశ్న. గాలే వెనక నుంచి తోస్తుందన్నాడు అరిస్టాటిల్. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఫిలోపోనస్, అది కాదు, విసిరినవాడు వస్తువులోకి ఏదో ఎక్కిస్తాడన్నాడు. 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిదాన్ ఆ ఆలోచనని ఇంకా గట్టిగా నిలబెట్టాడు.

మన దగ్గర వైశేషికులు, అంటే ప్రాచీన భారతీయ దర్శనాల్లో ఒకదానివాళ్లు, కూడా దీని గురించి ఆలోచించారు. వాళ్లలో ప్రశస్తపాదుడు సంస్కారం (ఇక్కడ దాని అర్థం ఒక గుణం) మూడు రకాలన్నాడు: వేగం, భావన, స్థితిస్థాపకం. వింటినారి తోసినప్పుడు బాణంలో వేగమనే సంస్కారం పుడుతుంది, వదిలాక బాణాన్ని నడిపించేది అదే. మా అమ్మాయి స్ట్రైకర్ గురించి చెప్పింది దాదాపు ఇదే మాట! న్యూటన్ సైతం 1687లో తన ప్రిన్సిపియా గ్రంథం మొదట్లో జడత్వాన్ని వస్తువులో సహజంగా ఉండే ‘బలం’ అనే పిలిచాడు, బయటి నుంచి పడే బలాన్ని విడిగా నిర్వచించాడు. అంతటివాడికే ఒకే మాట రెండు చోట్ల వాడక తప్పలేదు.

“అయితే నేను చెప్పింది న్యూటన్ కంటే ముందువాళ్లు చెప్పిందా?” అంది అమ్మాయి. గర్వంగానే అంది. అలా అనాలనే కథ చెప్పాను.

కర్త ఎవరు, కర్మ ఎవరు

రెండు మాటలు దొరికాయి సరే, ఏది ఎక్కడ వాడాలో పిల్లకి తనంతట తనకే తెలిసే ఉపాయం కావాలి. అది వ్యాకరణంలో దొరికింది. ఈ పిల్లలు స్కూల్లో తెలుగు చదవరు కానీ కన్నడ చదువుతారు. కర్తృపద, కర్మపద, క్రియాపద వాళ్లకి కొట్టినపిండి.

వాక్యం తెలుగులో చెప్పమన్నాను. “చెయ్యి బంతిని తోస్తోంది.” కర్త చెయ్యి, కర్మ బంతి. “భూమి బంతిని లాగుతోంది.” కర్త భూమి, కర్మ బంతి. “బంతికి ఊపు ఉంది.” ఇక్కడ తోసేవాళ్లు లేరు, తోయించుకునేవాళ్లు లేరు. బంతికి ఉంది, అంతే. జ్వరం ఉన్నట్టు, డబ్బు ఉన్నట్టు.

దీంతో ఒక నియమం పెట్టుకున్నాం. బలం అని బాణం గియ్యాలంటే ‘తోస్తోంది’ లేదా ‘లాగుతోంది’ అనే క్రియతో వాక్యం చెప్పాలి, కర్త, కర్మ ఇద్దరూ దొరకాలి. కర్మ ఏ వస్తువైతే దాని బొమ్మ మీదే బాణం వెయ్యాలి. ‘ఉంది’ అని మాత్రమే చెప్పగలిగితే అది ఊపు, బలాల బొమ్మలో దానికి చోటు లేదు. ఊపుని వేరే రంగుతో పక్కన గీసుకోవచ్చు. అమ్మాయి ఆకుపచ్చ స్కెచ్‌పెన్ ఎంచుకుంది.

అక్కడి నుంచి న్యూటన్ రెండో నియమానికి అడుగు దూరం. ఆయన రాసిన రూపంలో త్వరణం (వేగం మారే రేటు) ప్రసక్తే లేదు. బయటి నుంచి పడిన బలాన్ని బట్టి గమనంలో మార్పు వస్తుందన్నాడు. ఆ గమనాన్ని కొలిచేది ద్రవ్యరాశి, వేగం రెండూ కలిపి. ఇంటి భాషలో చెబితే, బలం ఊపుని మారుస్తుంది. ఊపు ఉండటానికి బలం అక్కర్లేదు, మారడానికి కావాలి. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి నాకు నాలుగు వారాలు పట్టింది, కానీ ముందే చెప్పి ఉంటే అవీ నోట్సులో చేరి ఊరుకునేవి.

43, 34, 24, 15, 5

నియమం ఒప్పుకోవడం వేరు, ఎఫ్ నిజంగా లేదని చూడటం వేరు. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంది. హాల్లో గోడకి టైలర్ టేపు నిలువుగా అతికించి, పక్కనే టెన్నిస్ బంతి పైకి విసిరాం. వీడియో చూసే ముందు ఒక పని చేయించాను. నీ ఎఫ్ నిజమే అనుకో, ఏం కనపడాలో నువ్వే చెప్పు.

అమ్మాయి లెక్కల్లో గట్టిది కాబట్టి వెంటనే దొరికిపోయింది. ఎఫ్ ఎంజీ కంటే పెద్దదని గీసింది కదా, అప్పుడు ఫలిత బలం పైకి, త్వరణం పైకి. “అయితే చెయ్యి వదిలాక కూడా స్పీడు పెరగాలి” అంది, అని తనే నొసలు ముడిచింది. పెరగదని ఆటలాడిన ఎవరికైనా తెలుసు. కాసేపాగి సవరించుకుంది. “ఎఫ్ చిన్నదేమో ఆంటీ. ఎంజీ కంటే తక్కువ, తగ్గుతా పోతుందేమో.”

మంచి సవరణ. దాన్నీ చివరిదాకా తీసుకెళ్లాం. అలాగైతే మొదట్లో ఎఫ్ బాగా ఎదురునిలుస్తుంది కాబట్టి వేగం కొంచెం కొంచెమే తగ్గాలి, పైకి చేరేకొద్దీ ఎఫ్ అయిపోతుంది కాబట్టి ఎక్కువెక్కువ తగ్గాలి. ఈ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టింది.

24 ఫ్రేములకోసారి, అంటే సెకనులో పదోవంతుకోసారి, బంతి ఎక్కడుందో చూసి రాసుకున్నాం. ఒక్కో పదోవంతులో అది ఎక్కిన ఎత్తు సెంటీమీటర్లలో: 43, 34, 24, 15, 5. తేడాలు తీసింది: 9, 10, 9, 10. మళ్లీ తీసింది. దిగేటప్పటివి తీసింది, అక్కడా పదికి అటూ ఇటూ. మొదట్లో తక్కువ, చివర్లో ఎక్కువ అన్నది ఎక్కడా లేదు. ఎక్కుతున్నా, శిఖరం దగ్గరున్నా, దిగుతున్నా ఊపులో మార్పు ఒక్కటే రేటు. క్యాలిక్యులేటర్ తీసి ఆ తేడాలని త్వరణంగా మార్చుకుంది. సెకనుకి సెకనుకి 9.5 మీటర్లు వచ్చింది. పుస్తకంలో 9.8.

చాలాసేపు ఆ అంకెల్నే చూసింది. “ఎఫ్‌కి ప్లేసే లేదు ఆంటీ” అంది, నెమ్మదిగా.

ఇక్కడ తోటి టీచర్లకి ఒక మాట. అదే బ్యాచ్‌లో ఒక అబ్బాయికి నేను ముందు వీడియో చూపించాను, ఊపు సంగతి తర్వాత మాట్లాడదామనుకుని. వాడు ఫ్రేములు తప్పు లెక్కపెట్టామన్నాడు, టేపు వంకరగా ఉందన్నాడు. వాడి తప్పేం లేదు. ఊపుకి ఉండటానికి ఇంకో చోటు చూపించకుండా ఎఫ్‌ని ఖాళీ చెయ్యమంటే ఎవరూ చెయ్యరు. ప్రయోగం కంటే ముందు పేరు రావాలన్నది ఈ కేసులో నాకు గట్టిగా అనిపించిన విషయం. ఇద్దరు పిల్లల్ని చూసి చెబుతున్నానని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఊపుని తినేసేది ఎవరు

క్యారమ్ బోర్డు దగ్గర ఇంకో ముడి మిగిలింది. ఊపు దానంతటదే అయిపోతుందన్న నమ్మకం. పౌడర్ వెయ్యకుండా ఒకసారి, బోరిక్ పౌడర్ చల్లి ఒకసారి, వీలైనంత ఒకే దెబ్బతో కొట్టమన్నాను. పౌడర్ లేనప్పుడు ఎదుటి అంచు దాకా కష్టంగా వెళ్లింది. ఉన్నప్పుడు అంచుకి కొట్టుకుని తిరిగి మన వైపుకే వచ్చేసింది. దెబ్బ అదే, ఊపు అంతే. దానంతటదే అయిపోయేదైతే పౌడర్‌తో పనేముంది?

“బోర్డు స్ట్రైకర్‌ని వెనక్కి తోస్తోంది” అంది అమ్మాయి, కర్తని పట్టుకున్న ఉత్సాహంతో. “పౌడర్ ఉంటే తక్కువ తోస్తోంది.” ఆ వెంటనే తనే అంది, మాల్‌లో ఎయిర్ హాకీ గుర్తొస్తోందని. అక్కడ బిళ్ల గాలి మీద తేలుతుంది, ఆగనే ఆగదు. నేను గెలీలియో దగ్గరికి వెళ్దామనుకుంటుండగా పిల్ల ముందే చేరుకుంది. గెలీలియో ఆలోచన ఇది: ఒక వాలు మీద దొర్లిన గుండు ఎదుటి వాలు మీద దాదాపు అంతే ఎత్తుకెక్కుతుంది. ఎదుటి వాలుని పడుకోబెడుతూ పోతే ఆ ఎత్తు కోసం ఇంకా ఇంకా దూరం పోతుంది. పూర్తిగా పడుకోబెట్టేస్తే? ఎయిర్ హాకీ ఆడిన పిల్లకి ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన పనిలేకపోయింది.

ఒకే వేగంతో పోవాలన్నా బలం కావాలి కదా అన్న సందేహం మాత్రం మొండిది. సైకిల్ తొక్కడం ఆపితే ఆగిపోతుంది, అది రోజూ చూసేదే. దీనికి మెట్రో పనికొచ్చింది. పర్పుల్ లైన్‌లో హూడీ నుంచి కేఆర్ పురం వైపు వెళ్లేటప్పుడు ఒక బరువైన తాళాలగుత్తిని దారానికి కట్టి పట్టుకుని చూడమన్నాను. రైలు త్వరణం సెకనుకి సెకనుకి ఒక మీటరు ఉంటే దారం సుమారు 6 డిగ్రీలు వాలుతుంది, కంటికి తెలుస్తుంది. సోమవారం వచ్చి చెప్పింది: “బయల్దేరేటప్పుడు వెనక్కి వాలింది ఆంటీ. ఫుల్ స్పీడ్‌లో ఉన్నప్పుడు తిన్నగా ఉంది! స్టేషన్ వచ్చేటప్పుడు ముందుకి వాలింది.” వేగం అన్నిటికంటే ఎక్కువున్నప్పుడే దారం తిన్నగా ఉండటం ఆ పిల్లకి పెద్ద వింత. మోటరు ముందుకి, గాలీ పట్టాలూ వెనక్కి, రెండూ సరిపోతే ఫలిత బలం సున్నా, ఊపులో మార్పు సున్నా. సైకిల్ తొక్కడమూ అంతే. ఘర్షణ తినేసినంత ఊపు మళ్లీ పోస్తున్నాం.

బల్లకి ప్రాణం లేదు కదా

కర్త, కర్మ పద్ధతికి ఒక ఇబ్బంది ఉందని ఆరో వారంలో తెలిసింది. బల్ల మీద పుస్తకం. “బల్ల పుస్తకాన్ని పైకి తోస్తోంది” అనడానికి అమ్మాయికి మనసొప్పలేదు. “బల్ల ఊరికే ఉంది ఆంటీ. అడ్డం ఉంది, అంతే.” మన వాక్యాల్లో కర్త అనగానే చేసేవాడు గుర్తొస్తాడు. బల్ల ఏం చేస్తుంది పాపం!

1982లో జిమ్ మిన్‌స్ట్రెల్ అనే అమెరికన్ హైస్కూల్ టీచర్ ఈ పుస్తకం, బల్ల ప్రశ్న మీదే తన క్లాసులో జరిగిన చర్చని రాశాడు. ఆ దారిలోనే వెళ్లాను. ముందు పుస్తకాన్ని పరుపు మీద పెట్టాం, పరుపు దిగింది. తర్వాత రెండు పుస్తకాల మధ్య ప్లాస్టిక్ స్కేలు వంతెనలా పెట్టి దాని మీద పెట్టాం, స్కేలు వంగింది, వేలితో కింద తాకితే అది పైకి తోస్తున్నట్టు తెలుస్తోంది. చివరికి బల్ల. బల్ల మీద చిన్న అద్దం పెట్టి, లేజర్ పాయింటర్ వెలుగు అద్దం మీద పడి దూరంగా గోడ మీదికి పోయేలా చేశాం. బల్ల మధ్యలో చేత్తో గట్టిగా నొక్కితే గోడ మీద ఎర్రచుక్క కదిలింది. వదిలితే మళ్లీ చోటుకొచ్చింది. అంత గట్టి టేకు బల్ల కూడా వంగుతోంది! వంగింది కాబట్టి తిరిగి నిలబడాలని తోస్తోంది. ప్రశస్తపాదుడి మూడో సంస్కారం స్థితిస్థాపకం ఇక్కడ మళ్లీ కనపడింది. ఇప్పటికీ తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఈ గుణానికి స్థితిస్థాపకత అన్నదే మాట. అమ్మాయి గోడ మీది చుక్కని ఏడెనిమిది సార్లు కదిలించి చూసింది. తర్వాత బల్లని కర్తగా రాయడానికి అభ్యంతరం చెప్పలేదు.

మూడో నియమం మీద ఇంత పని చెయ్యలేకపోయాను. పది టన్నుల బస్సు, మనిషితో కలిపి రెండొందల కిలోల స్కూటీ ఢీకొంటే రెండూ ఒకదాన్నొకటి సమానంగా తోసుకుంటాయంటే పిల్లలు ఒప్పుకోరు, దెబ్బ ఎవరికి తగిలిందో కళ్లకి కనపడుతోంది కాబట్టి. బలం సమానమే, అదే బలానికి స్కూటీ త్వరణం యాభై రెట్లు ఎక్కువ, అని లెక్క వేయించాను. కర్తని కర్మని తారుమారు చేసి వాక్యం మళ్లీ చెప్పించాను. కొంత దారికొచ్చారు. రెండు స్ప్రింగ్ త్రాసులు కొక్కేలతో తగిలించి లాగించి చూపించాలి, వచ్చే బ్యాచ్‌కి ముందే తెప్పించి పెడతాను.

పదో వారం

మొదటి రోజు పదకొండు మందిలో తొమ్మిది మంది పైకి బాణం గీశారు. పదో వారంలో కొత్త సందర్భాలు ఇచ్చాను: తన్నిన ఫుట్‌బాల్ గాల్లో, ఇంజన్ ఆపేసి దొర్లుతున్న స్కూటర్, పైకెళ్లి ఒక్క క్షణం ఆగినట్టున్న నాణెం. ముగ్గురు ఇంకా ముందుకో పైకో గీశారు. వీడియోని ముందు చూసిన అబ్బాయి ఆ ముగ్గురిలో ఉన్నాడు. వాడితో ఊపు సంగతి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

అమ్మాయి అన్నీ సరిగ్గానే గీసింది. కానీ దగ్గర కూర్చుని చూశాను కాబట్టి చెప్పగలను, ఫుట్‌బాల్ బొమ్మలో తన పెన్ను మొదట ముందుకే కదిలింది. కాగితాన్ని తాకకముందే ఆగింది. పెదాలు కదిలాయి, ‘తన్నిన కాలు... వదిలేసింది’ అనుకున్నట్టుంది. పెన్ను పక్కన పెట్టి ఆకుపచ్చ స్కెచ్‌పెన్ తీసుకుని ఊపు గీసింది. పాత ఆలోచన ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు దాన్ని ఆపి ప్రశ్న వేసే ఇంకో ఆలోచన పక్కన చేరింది. జవాబు మాత్రమే దిద్దితే ఆ చిన్న ఆగడం నాకు కనపడేది కాదు.

ఆరోజు వెళ్తూ వెళ్తూ ఒక సందేహం అడిగింది. మెట్రోలో ఒకచోట రైలు వంపు తిరిగినప్పుడు తాళాలగుత్తి పక్కకి వాలిందట. వాళ్ల నాన్న కారు ఫ్లైఓవర్ మీద మలుపు తిరిగినప్పుడు కూడా తను డోర్ వైపుకి ఒరిగిపోయిందట. “బయటికి తోసేసినట్టుంది ఆంటీ. కానీ తోసిన కర్త ఎంత వెతికినా దొరకలేదు.”

నేను జవాబు చెప్పలేదు. వృత్తాకార గమనం పాఠం ఇంకా మొదలుపెట్టలేదు, వారం ఆలోచించుకుని రమ్మన్నాను. బుధవారం రాత్రి వాళ్ల అమ్మగారి ఫోన్ నుంచి నోట్‌బుక్ పేజీ ఫొటో వచ్చింది. కారుని పైనుంచి చూసినట్టు బొమ్మ, లోపల చిన్న మనిషి. మనిషి నుంచి కారు వెళ్తున్న వైపుకి తిన్నగా ఒక ఆకుపచ్చ బాణం, డోర్ నుంచి మనిషి మీదికి ఒక నల్ల బాణం. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:

“కర్త: డోర్. కర్మ: నేను. డైరెక్షన్: లోపలికి?”